విసనకర్ర పడవ

ఇల్లు,
ఆదివారం

శ్రీవారికి,

మీరు చెప్పినట్టే పడవని నీళ్ళలోంచి పైకి లాగించాను. యార్డులో పాత క్రేను పక్కన, కిందటేడు ఉంచిన చోటే ఇచ్చారు. అడుగున పేరుకున్న గుల్లలూ నాచూ గీకించేశాను. తెరచాప నిలబెట్టే మాస్టు కొయ్యకి వార్నిషు మాత్రం వేయించలేదు. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే మీరు ఊరుకోరని నాకు తెలుసు కదా.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని వార్డు సిస్టరు చేత అడిగించారట. ఎత్తితే మీరు అరుస్తారు. అరిస్తే ఆపరేషను చేసిన నడుము పట్టేస్తుందని డాక్టరుగారు అన్నారు. ఉత్తరంలో అయితే మీరు ఎంత అరిచినా కాగితం భరిస్తుంది. అందుకని ఇకమీద ఉత్తరాలే.

ఒక సంగతి. యార్డు వెనక షెడ్డులో తెరచాపలు కుట్టే ఆవిడ ఉంది కదా, అందరూ కత్తెరమ్మ అంటారు. ఆవిడ ఒక చిత్రమైన పడవ చూపించింది. మన పడవంతే ఉంటుంది. ఒకటే స్తంభం, దాన్ని పట్టి ఉంచే తీగలు లేవు. ఒకటే తెరచాప, దానికి అడ్డంగా వరసగా బద్దలు. గాలి ఎక్కువైతే తాడు కాస్త వదిలితే చాలు, విసనకర్ర మడిచినట్టు దానంతటదే మడత పడుతుంది. పడవని తిప్పాలంటే చుక్కాని తోస్తే సరి, తెరచాప తనే అటు వెళ్తుంది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండొచ్చు. బరువు లాగే పని దాదాపు లేదు.

మనది కూడా అలా మారిస్తే ఎలా ఉంటుందంటారు? ఊరికే అడుగుతున్నాను.

మందులు వేళకి వేసుకోండి.

మీ భార్య

~

కొండమీది ఆసుపత్రి,
గురువారం

శ్రీమతికి,

నీ ఉత్తరం చదివి పక్క మంచం ఆయనకి కూడా వినిపించాను. ఆయనకి కుట్లు ఉన్నాయి, నవ్వలేక ఏడ్చాడు.

నేను నదుల మీద వంతెనలు నిలబెట్టిన ఇంజనీరుని. నువ్వు కళ్ళజోళ్ళకి స్క్రూలు బిగించే మనిషివి. మనిద్దరిలో గాలి గురించీ బరువు గురించీ ఎవరు మాట్లాడాలో నేను వేరే చెప్పాలా? తీగలు లేకుండా మాస్టు నిలబడుతుందా? నిలబడినా ఆ విసనకర్ర వేసుకుని పడవల పోటీకి ఎలా వెళ్తాను? క్లబ్బులో అందరూ ఎండగా ఉంది, ఇటు కూడా కాస్త విసరమంటారు. ఆ దర్జీని దిండు గలీబులు కుట్టుకోమను.

ఇవాళ రెండు కడ్డీల మధ్య ఆ కొస దాకా నడిచాను. ఎవరూ పట్టుకోలేదు. పోటీలు మొదలయ్యేసరికి వచ్చేస్తాను. నువ్వు ఎప్పట్లాగే ముందు తాళ్ళ దగ్గర ఉండు. లాగమన్నప్పుడు లాగు, వదలమన్నప్పుడు వదులు. ఇన్నేళ్ళూ చేసిన పనేగా, కొత్తగా బుర్ర పెట్టాల్సిన అవసరం లేదు.

పడవని ముట్టుకోకు.

~

పడవల యార్డు,
సోమవారం

శ్రీవారికి,

మీ ఉత్తరం మొన్న అందింది. అప్పటికే డెక్కు ముందు భాగంలో కొత్త స్తంభానికి రంధ్రం కోసేశారు. నేను ఊరికే అడిగానన్నది నిజమే. సమాధానం వచ్చేదాకా ఆగుతానని మాత్రం అనలేదు.

స్తంభం దొరికింది. ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తూ పీకేసిన వీధిదీపం స్తంభం. అల్యూమినియంది. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఇలాంటి పనికి అలాగే ఉండాలట. కత్తెరమ్మ దాన్ని చూసి పెళ్ళికొడుకుని చూసినంత సంబరపడింది. అది డెక్కులోంచి కింద అడుగుదాకా దిగాలి కాబట్టి ముందు గదిలో నేను పడుకునే బల్ల తీసేయాల్సి వచ్చింది. ఇకనుంచి మీ బల్ల మీద పడుకుంటాను. అది వెడల్పుగా ఉందని ఇప్పుడే తెలిసింది.

కొత్త ఏర్పాటులో తాళ్ళు చుట్టి బిగించే ఇత్తడి వించీలు అక్కర్లేదు. వాటిని నేనే విప్పాను. ఎడమవైపుది విప్పుతుంటే చెయ్యి ఆగిపోయింది. మీకు గుర్తుందో లేదో. తాడుకీ ఆ డ్రమ్ముకీ మధ్య నా చూపుడువేలు పడింది. “వదలండి, వదలండి” అని అరిచాను. మీరు పోటీ మలుపు దగ్గర నీళ్ళ మీద తేలే గుర్తుని చూపించి “ఆ బోయా దాటనీ” అన్నారు. దాటాం. కప్పు వచ్చింది. వేలి కొస రాలేదు. ఇవాళ్టికీ షాపులో ఫ్రేముకి స్క్రూ పెడుతుంటే అది నా వేళ్ళ మధ్య ఉందో, జారి నేల మీద పడిందో తెలియదు. వంగి వెతుక్కుంటూ ఉంటే, వచ్చినవాళ్ళు కళ్ళజోడు ఉన్నావిడకి కూడా కనపడదా అని జోకులేస్తారు.

అందుకని వించీలు పోతున్నందుకు నాకేమీ బాధ లేదు.

మీ భార్య

~

కొండమీది ఆసుపత్రి,
శుక్రవారం

శ్రీమతికి,

వేలి కొసని పట్టుకుని ఇంకెన్నేళ్ళు ఏడుస్తావు? యుద్ధంలో కాళ్ళు పోయినవాళ్ళు కూడా ఇన్నిసార్లు చెప్పుకోరు. ఆ గాలిలో తాడు వదిలితే తెరచాప పిచ్చెక్కినట్టు కొట్టుకుని మాస్టు విరిగేది. మాస్టు విరిగితే ఇద్దరం పోయేవాళ్ళం. వేలితో సరిపెట్టినందుకు నాకు దండం పెట్టాలి నువ్వు.

వీధిదీపం! చీకటి పడితే దానికింద కూర్చుని పేకాడుకోండి నువ్వూ ఆ దర్జీ.

క్లబ్బులో మన పళ్ళ డాక్టరుకి రాశాను. వచ్చి పని ఆపిస్తాడు. వడ్రంగితో నేరుగా మాట్లాడతాడు. నువ్వు మధ్యలో నోరెత్తకు. నా మాస్టు ఎక్కడుంది? దాన్ని నేల మీద పెట్టకు, దిమ్మల మీద పెట్టించు, వంకర పోతుంది. పైన గుడ్డ కప్పు. దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి.

~

పడవల యార్డు,
బుధవారం

శ్రీవారికి,

వెంటనే రాస్తున్నాను.

మీ పళ్ళ డాక్టరు వచ్చాడు. తెల్లబూట్లు వేసుకుని యార్డు బురదలోకి దిగాడు. “చెల్లెమ్మా, ఆయన మనసు చాలా కష్టపడుతోంది” అన్నాడు. “అన్నయ్యా, నిచ్చెన కాస్త పట్టుకుంటారా?” అన్నాను. పట్టుకున్నాడు. ఆ తర్వాత కత్తెరమ్మ అతని చేతికి గ్రీజు డబ్బా ఇచ్చింది. సాయంత్రం దాకా స్తంభం మొదలుకి గ్రీజు పూశాడు. పళ్ళు తోమినట్టే చక్కగా, ఒక్క సందు వదలకుండా పూశాడు. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచి, “ఇది నిజంగా దానంతటదే తిరుగుతుందా?” అని అడిగాడు. తను వచ్చి గట్టిగా మందలించానని మీకు రాయమన్నాడు. రాశాను.

మాస్టు సంగతి అడిగారు. నిన్న కోయించేశాను. కొత్త తెరచాపకి బద్దలు కావాలి కదా, మంచి కొయ్య బయట ఎక్కడ దొరుకుతుంది? నిలువునా చీలిస్తే బద్దలు ముచ్చటగా వచ్చాయి. ఏటేటా మీరు వేసిన వార్నిషు రంపానికి పాకంలా అంటుకుని వడ్రంగి చేత నానా తిట్లూ తిట్టించింది. పొట్టు ఒక సంచిలో ఎత్తి ఉంచాను. కావాలంటే పంపిస్తాను, తలగడలో కూరుకోవచ్చు.

మీ భార్య

~

కొండమీది ఆసుపత్రి,
శనివారం

నీకు,

ఆ కొయ్యని తెచ్చిన రోజు దాని నిండా అడవి వాసన. ఒక చలికాలమంతా దాన్ని నా చేతుల్తో చిత్రిక పట్టాను. కళ్ళు మూసుకుని తడిమితే ఏ ముడి ఎక్కడుందో చెప్పగలను. నీ గురించి అలా చెప్పలేను. చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ జన్మలో నేను ప్రేమించినది ఏదైనా ఉంటే అది ఆ మాస్టు. ఇప్పుడు అది లేదు కాబట్టి నీతో అబద్ధమాడాల్సిన పని కూడా లేదు.

వేలి గురించి అడిగావు కదా, గుర్తుందా అని. అంతా గుర్తుంది. నువ్వు అరవడం మొదటిసారే విన్నాను. తాడు వదిలినా మాస్టు విరిగేది కాదు. గెలవాలని వదల్లేదు. ఆ రోజు నువ్వు మొత్తంగా నీళ్ళలో పడిపోయినా నేను వెనక్కి తిప్పేవాణ్ణి కాదు. బోయా దాటేవాణ్ణి.

~

పడవల యార్డు,
మంగళవారం

నీకు,

నువ్వు అంటున్నాను, చూశావా? ఈ మాట రాయడం కష్టమవుతుందేమో అనుకున్నాను. కాలేదు.

నీ మాస్టు బాగానే ఉంది. నేను ఆ ఉత్తరం రాసిన రోజు దాన్ని ఎవరూ కోయలేదు. ఇప్పుడు కూడా షెడ్డులో దిమ్మల మీద, నువ్వు అడిగినట్టే గుడ్డ కప్పుకుని పడుకుని ఉంది. నేను వానలో తడుస్తూ వెళ్ళి ఆ గుడ్డ సర్దుతూ ఉన్నాను. బద్దలకి వేరే కొయ్య బేరమాడాను. ఊరికే, నీ దగ్గర నుంచి ఏమొస్తుందో చూద్దామని అలా రాశాను. తిడతావని తెలుసు. తిట్ల మధ్యలో ఎక్కడో, “సరే పోనీ, నీ వేలు ఎలా ఉంది?” అని ఒక్క ముక్క రాస్తావేమో అనుకున్నాను. రాసి ఉంటే మాస్టు నీదే. నువ్వు రాసింది నువ్వు రాశావు.

ఇంకో సంగతి కూడా విను. ఆపరేషను అయిన రోజే డాక్టరు నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు, నువ్వు ఇక జన్మలో తాడు లాగలేవని. నడుము నిలవదట. నీకు చెప్పొద్దన్నాడు, చెప్తే నడక నేర్చుకోవడం కూడా మానేస్తావని. కత్తెరమ్మ దగ్గరికి నేను వెళ్ళింది అందుకు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా నడిపే తెరచాప ఏదైనా ఉందా అని అడిగాను. ఆవిడ ఈ విసనకర్ర చూపించింది. చుక్కాని పక్కన నీ కోసం వీపు ఆనించుకునే పలక కూడా కొలత ప్రకారం పెట్టించాను.

నీకు తెలియకుండా అన్నీ సిద్ధం చేసి, వచ్చిన రోజు చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు తెలిసింది కదా. ఆ పలక తీయించేశాను. వచ్చే వారం రంపం వస్తుంది. ఈసారి అబద్ధం కాదు.

~

కొండమీది ఆసుపత్రి,
తేదీ తెలియదు

నీకు,

అక్షరాలు ఇలా ఉన్నాయేమిటి అనుకోకు. పడుకుని రాస్తున్నాను, సిస్టరు అట్ట పట్టుకుంది. చదవనని ఒట్టు వేసింది గానీ చదువుతూనే ఉంది. నీ మీద జాలి పడుతోందో నా మీదో తెలియడం లేదు.

కిందటి ఉత్తరం నేనే గేటు దాకా వెళ్ళి పోస్టుడబ్బాలో వేశాను, చేతికర్రతో. వేశాక వెనక్కి రాలేదు. బస్సెక్కి వచ్చి ఆ వడ్రంగి చొక్కా పట్టుకుందామనుకున్నాను. గేటు బయట మెట్లు ఉన్నాయి. పడ్డాను. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ కోశారు. కడ్డీల దగ్గరికి ఇప్పట్లో తీసుకెళ్ళరు. డాక్టరు ఇప్పుడు నాక్కూడా చెప్పాడులే, తాడు సంగతి.

నువ్వు ఉందన్న మాస్టు కోసమే పడ్డాను. లేదనుకుని పడ్డాను. దీనికి నవ్వుకుంటావో ఏమో. నవ్వుకో.

ఆ కడ్డీల మధ్య ఎలా నడిచానో చెప్పనా? కడ్డీలు పడవ అంచులనుకునేవాణ్ణి. ఎదురుగా గోడ మీద నీళ్ళ మరక ఉంది, నిలువుగా. అదే మాస్టు. దాని దాకా వెళ్ళి ముట్టుకోవాలి. అలా నేర్చుకున్నాను. అది ఉంటే మళ్ళీ నేర్చుకుంటాను. వాడను. తెరచాప కట్టను. షెడ్డులో ఉంటే చాలు. కొయ్యకు.

నేను రాసిన ఆ మాటలు కోపంలో రాశాను. పూర్తిగా అబద్ధమని అనను, నువ్వు ఎలాగూ నమ్మవు. ఒకసారి రా. అరవను. అరిచే ఓపిక లేదు.

~

పడవల యార్డు,
ఆదివారం

నీకు,

నీ ఉత్తరం వచ్చేసరికి మాస్టు సగం దాకా చీలింది. పోస్టుమాన్ షెడ్డులోకే వచ్చి ఇచ్చాడు. చదివి, ఆపమన్నాను. వడ్రంగి రంపం అందులోనే వదిలి బయటికి వెళ్ళాడు. నేను ఆ కొయ్య పక్కన కూర్చున్నాను. నువ్వు మెట్ల మీద ఎలా పడి ఉంటావో కళ్ళకి కట్టింది. చేతికర్ర ఎటు ఎగిరిందో కూడా. ఏడుపు వచ్చింది, దాచను. కత్తెరమ్మ వచ్చి, “ఇంకో కొయ్య తెప్పించుకుందామా?” అంది.

సగం చీల్చిన మాస్టు నీకు గానీ నాకు గానీ ఎందుకూ పనికిరాదు. అతికించినా అతుకే. పిలిచి, కానివ్వమన్నాను. సాయంత్రానికి బద్దలయ్యాయి.

నేను రాను. వస్తే నీ మంచం పక్కన స్టూలు వేస్తారు. కూర్చుంటాను. నువ్వు నీళ్ళడుగుతావు, ఇస్తాను. కిటికీ వెయ్యమంటావు, వేస్తాను. అలా మొదలైతే ఇక లేవలేను, నన్ను నేను ఎరుగుదును. ఆసుపత్రికి పక్కింటావిడ నంబరు ఇచ్చాను. ఇంటి తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. నా బట్టలు పడవలోకి తెచ్చేసుకున్నాను.

కిందటి వారం నీళ్ళలోకి దించాం. మొదటి రోజు విసనకర్ర సగమే విప్పాం. రేవు మీద జనం నువ్వు చెప్పిన జోకులన్నీ వేశారు, నువ్వు చెప్పకుండానే. రేవు గోడ దాటాక గాలి పట్టింది. నేను చుక్కాని ఇటు తోశాను, తెరచాప తలుపు వేసినంత నెమ్మదిగా అటు వెళ్ళింది. ఎవరూ లాగమనలేదు, ఎవరూ వదలమనలేదు. చాలా సేపు ఎవరో అరుస్తారని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

మళ్ళీ నేర్చుకో. గోడ మీద మరక అక్కడే ఉంటుంది కదా.

~

ఇల్లు,
బుధవారం

నీకు,

నెలల తరబడి ఏమీ రాయలేదు, రాయడానికేమీ లేక. నిన్నటి నుంచి ఇంట్లో ఉన్నాను. పక్కింటావిడ తాళం ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది, అంటే ఆవిడకి అన్నీ తెలుసన్నమాట. రెండు చంకకర్రల మీద వంటింటి దాకా వెళ్ళి రావడానికి ఒక పూట పడుతోంది. నీ గిన్నెలన్నీ పై అరల్లో ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎలా అందుకున్నావో.

ఇవాళ ఆటోలో రేవుకి వెళ్ళాను. క్లబ్బువాళ్ళు కనపడకుండా ఉండాలని చివరి గట్టు దాకా నడిచాను. పడవ కనిపించింది. నాకు తెలుసు అది మనదేనని, అయినా నమ్మబుద్ధి కాలేదు. ఎర్ర తెరచాప, అడ్డంగా గీతలు. ఆ గీతలు ఏవో తెలుసు. నువ్వు పసుపు కోటు వేసుకుని టోపీ కిందికి లాక్కుని చుక్కాని దగ్గర ఉన్నావు. గట్టుకి మరీ దగ్గరగా వచ్చావు. గాలి ఎదురు తిరిగింది. ఇక రాళ్ళకి కొట్టుకుంటుందనుకున్నాను. నువ్వు కంగారు పడలేదు. లేవలేదు. ఆ కొసన ఒక్కసారి చుక్కాని తోశావు, పడవ నీ మాట విన్న పిల్లలా తిరిగింది. నేను కూడా అంత బాగా తిప్పేవాణ్ణి కాదు. “భేష్!” అని అరిచాను. విన్నావో లేదో. నీకు ఎప్పుడూ ఆ మాట అనలేదని అరిచాక తట్టింది.

ఆ పలక మళ్ళీ పెట్టమని అడగను. ఒకరోజు గట్టు దగ్గర ఆపితే చాలు, కిందికి దిగనక్కర్లేదు. చూసి వెళ్తాను.

నిన్ను తెలుసుకోని మనిషి

~

పడవలోంచి,
శుక్రవారం

నీకు,

ఆ కేక విన్నాను. నేనప్పుడు కింద గదిలో ఉన్నాను, స్టవ్వు మీద పాలు పెట్టి. చుక్కాని దగ్గర ఉన్నది కత్తెరమ్మ. ఇన్నాళ్ళూ కుట్టడమే గానీ తను ఎప్పుడూ నడపలేదంటే, చలిగా ఉందని నా కోటు ఇచ్చి కూర్చోబెట్టాను. గట్టుకి దగ్గరగా వెళ్ళింది తెలియక. తిప్పింది కూడా తెలియకే. ఈ తెరచాపతో ఎవరికైనా అలాగే తిరుగుతుంది.

నీ గొంతు పట్టుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. గరిటె అక్కడే పడేసి మెట్లెక్కాను. భేష్ అన్నది నాకే అనుకున్నాను. రెండో మెట్టు మీద ఉండగా గుర్తొచ్చింది, నేను కింద ఉన్నానని. తల బయటికి పెట్టి చూసేసరికి నువ్వు వెనక్కి తిరిగి నడుస్తున్నావు. కర్రలు రాళ్ళ మీద జారుతున్నాయి. ప్రతి అడుగుకీ ఆగి, ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నావు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నావు.

కత్తెరమ్మ నిన్ను ఏళ్ళ తరబడి యార్డులో చూసిన మనిషి. అయినా పోల్చుకోలేదు. “ఎవరండీ, పాపం, అంత కష్టపడి వచ్చాడు, మనకి తెలిసినాయనా?” అని అడిగింది.

తెలియదన్నాను. పడవని సముద్రం లోపలికి తిప్పమన్నాను.